రిమోట్ లేని టీవీ

ఆ శుక్రవారం పొద్దున్నే నా చేతిలో ఉన్నవి మూడు. నాలుగు వేల రెండు వందల రూపాయలు, కొట్టు తాళాల గుత్తి, పచ్చమూత పురుగుమందు సీసా.

డబ్బు ముందురోజు రైతు యలమందయ్య కట్టిన పత్తి మందుల బాకీ. తాళాలు మామూలుగా గుమ్మం పక్కన మేకుకి వేలాడేవి. సీసా మాత్రం మా తమ్ముడు మాలిక్ పరుపు కింద దొరికింది.

దుప్పట్లు ఉతుకుదామని పరుపెత్తిన నా భార్య ఆయేషా దాన్ని కొంగులో చుట్టుకుని పెరట్లోకి తెచ్చింది. నా చేతిలో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"మన కొట్టుదేనా?"

తిప్పి చూశాను. అడుగున నేను పెన్సిల్‌తో వేసుకునే ధర గుర్తుంది.

"మనదే."

"మూత తీశాడా?"

"లేదు. సీలు అట్టాగే ఉంది."

ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. "స్టాకు చూశారా?"

చూశాను. రాత్రి కొట్టు కట్టేటప్పుడే లెక్కపెట్టాను, రెండు తగ్గితే నా పొరపాటనుకున్నాను. "పుస్తకంలో ఇరవై నాలుగున్నాయి. ర్యాకులో ఇరవై రెండు."

రాయకుండా నేను ఎవరికీ సీసా ఇవ్వను. పర్చూరులో పద్నాలుగేళ్ళుగా పురుగుమందుల కొట్టు నడుపుతున్నాను, ఒక్క పొట్లం తేడా రాలేదు. ఆయేషాకి ఆ సంగతి తెలుసు. అందుకే లెక్క నాకంటే ముందే తేల్చుకుంది.

"అయితే ఇంకోటి ఇంట్లోనే ఉంది."

నేను అడుగున ఉన్న ధర గుర్తుని బొటనవేలితో రుద్దుతున్నాను.

"అడగండి పోయి. మీ తమ్ముడేగా."

"ఏమని అడగను?"

"పరుపు కింద ఇది ఎందుకు పెట్టుకున్నావని."

"అవునంటే?"

ఆమె వంటింటి వైపు చూసింది. లోపల అమ్మ జైతున్‌బీ పాలగిన్నె దించుతున్న చప్పుడు. అమ్మకి ఇది తెలియకూడదు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం చెప్పుకోకుండానే ఒక మాట మీద ఉన్నాం.

ఆయేషా లేచి నా చేతిలోంచి తాళాల గుత్తి లాక్కుని నడుముకి దోపుకుంది. "ఇవి నా దగ్గరుంటాయి. మీరు గుంటూరు పోయి ఆ టీవీ తెండి. ఇవాళే."

"ఇంత జరుగుతుంటే టీవీ ఏందే?"

"నాలుగు నెలల్లో నోరు తెరిచి ఇది కావాలని అడిగింది అదొక్కటే. అడిగినోడికి రేపటి మీద ఆశున్నట్టు. అది తెగిపోకముందే తెండి."

మాలిక్ అట్టా అవడానికి కారణం జనవరిలో జరిగింది. రైతులు బాకీ కింద ఇచ్చిన పత్తి బోరాలు జిన్నింగు మిల్లుకి తోలాలి. దించడానికి కూలీ అరవై అడిగాడు. అరవై దండగెందుకు, మాలిక్ వెళ్తాడుగా అన్నాను. మాలిక్ వెళ్ళాడు. బోరా దించాక మిషన్ నోట్లో అడ్డుపడ్డ పత్తిని లాగబోయాడు. అరవై మిగిలింది. కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి.

మా నాన్న దూది ఏకి మమ్మల్ని పెంచాడు. దూదితో బతికిన ఇంట్లో దూదే చెయ్యి తిన్నదని అమ్మ ఏడ్చేది. మాలిక్ ఏడవలేదు. ఆస్పత్రి నుంచి వచ్చి గదిలో కూర్చున్నాడు. అంతే.

వాడి పని ఏమిటో చెబితే గాని ఆ వేళ్ళ విలువ తెలియదు. బాకీ కింద వచ్చిన మిరపకాయలు గుంటూరు యార్డులో అమ్మేది వాడే. అక్కడ పాతకాపులు ఇప్పటికీ నోటితో ధర చెప్పరు. తుండుగుడ్డ కప్పి, కింద అవతలివాడి వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. చుట్టూ వందమంది ఉన్నా ఇద్దరికే తెలుస్తుంది. మాలిక్ చెయ్యి తుండుగుడ్డ కిందికి పోతే బస్తాకి యాభై ఎక్కువే వచ్చేది. ఇప్పుడు ఆ చెయ్యి ఎవడి చేతిలో పెట్టాలన్నా వాడికి సిగ్గు.

నేను గదిలోకి వెళ్ళేసరికి మా అమ్మాయి అర్ఫా వాడి మంచం పక్కన నేల మీద కూర్చునుంది. పన్నెండేళ్ళ పిల్ల. ఒళ్ళో టీవీ గేమ్ పెట్టె. శ్రీరమ్య అనే స్నేహితురాలు సెలవులకి ఊరెళ్తూ దానికిచ్చి వెళ్ళింది. మా పాత టీవీ ట్యూబు పోయి ఏడాదైంది. పెట్టె ఉంది, పెట్టడానికి టీవీ లేదు.

గుమ్మంలోనే నిలబడి అడిగాను. "ఎట్టాంటి టీవీ కావాలిరా?"

మాలిక్ గోడవైపు చూస్తూనే ఉన్నాడు. కుడిచెయ్యి దుప్పట్లో.

అర్ఫా వాడి మోకాలు కదిపింది. "చెప్పు చిన్నాన్నా. రాసుకుంటా."

"చిన్నదైనా ఫర్వాలేదు."

"చిన్నదైనా ఫర్వాలేదు," అని అర్ఫా రాసింది.

"పసుపు వైరు పెట్టే సాకెట్టుండాలి. ముందుంటే మంచిది. ఊరికే ఊడదీసి పెట్టొచ్చు."

"ఇంకా?"

"బంతి పరిగెత్తితే వెనకాల తోక కనపడకూడదు."

వాడు మాట్లాడుతుంటే నా కళ్ళు ఊరుకోలేదు. మంచం కింద చూశాను. కిటికీ గూట్లో చూశాను. ట్రంకుపెట్టె వెనక సందులో చూశాను. పచ్చమూత ఎక్కడా లేదు.

"ఏం వెతుకుతున్నావ్?"

మాలిక్ నావైపు తిరిగి ఉన్నాడు.

"ప్లగ్గు ఎక్కడుందా అని."

"ప్లగ్గు నీ భుజం దగ్గరే ఉంది."

ఉంది. నా భుజానికి తగులుతూనే ఉంది.

అర్ఫాయే అందుకుంది. "నాన్నా, ఈ ఆటకి బొటనవేళ్ళు రెండూ చాలు. చిన్నాన్న పట్టుకుని చూశాడు కూడా. కదా చిన్నాన్నా?"

దుప్పటి కింద ఏదో కదిలింది. వాడి బొటనవేలనే అనుకోవాలని అనుకున్నాను.

వాకిట్లో అమ్మ అడ్డుపడింది. "గుంటూరు దేనికిరా పెద్దోడా?"

"టీవీకి."

"ఆ డబ్బుతో వాడికి కొట్టులో పక్కన ఇంకో బల్ల వేయించరాదూ? మగాడికి ఆటలేందిరా? చెయ్యి పోయినోడు ఆడుకుంటున్నాడని ఊరు నవ్వదా?"

"నవ్వితే నవ్వుద్ది అత్తమ్మా," అంది ఆయేషా. గొంతు మరీ గట్టిగా వచ్చింది. అమ్మ ఆమె ముఖంలోకి చూసింది, తర్వాత నా ముఖంలోకి. ఏమీ అడగలేదు. అడగకపోవడానికే నాకు భయమేసింది.

లాల్ అహ్మద్ కొట్టు గుంటూరు బస్టాండు వెనక సందులో. పాత టీవీలు కొని, బాగుచేసి అమ్ముతాడు. ముందు పక్కనున్న బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"ఉన్నాడు," అంది ఆయేషా. "అట్టు తింటున్నాడు."

అప్పుడు కొట్టు మెట్లెక్కాను.

"ఏం ఆదాం భాయ్! మందుల కొట్టు ఎత్తేసి టీవీల కొట్టు పెడతన్నావా? నా పొట్ట కొట్టమాకు."

"ఇంట్లోకే. గేమ్ ఆడటానికి."

"పిల్లకా?"

"మాలిక్‌కి."

అతనికి మాలిక్ తెలుసు. యార్డు నుంచి వస్తూ వాడు ఇక్కడ టీ తాగేవాడు. లాల్ అహ్మద్ నవ్వు మానేసి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "రా. కూర్చో."

మూడు సెట్లు చూపించాడు. నా దగ్గర ఎంతుందో చెప్పలేదు. జేబు ముందే విప్పినోడికి బేరం ఉండదు.

మొదటిది ఇరవై ఒక్క అంగుళాలది, నాలుగు వేల ఎనిమిది వందలు. నేను దాన్నే చూస్తుంటే అతను తన దగ్గరున్న గేమ్ పెట్టె తగిలించాడు. "ఆటకి పెద్దదే మేలని అందరూ అనుకుంటారు. దగ్గరికొచ్చి చూడు." తెర మీద పరిగెత్తే మనిషి పెద్దగా ఉన్నాడు గాని గీతలు గీతలుగా, నేసి వదిలేసిన గోనెపట్టాలా ఉన్నాడు. అంచుకి పోయినప్పుడు అడ్డంగా సాగాడు.

రెండోది మూడు వేలే. పరిమాణం దాదాపు అంతే. నాకు ధర నచ్చింది. బంతి ఎగరగానే వెనక తెల్లటి తోక.

"ట్యూబు ముసలిది భాయ్. సీరియళ్ళకైతే నడుస్తుంది. ఆటకి చాలదు."

మూడోది పద్నాలుగు అంగుళాలది. ముందువైపే పసుపు, తెలుపు సాకెట్లు. బొమ్మ చిన్నది, కానీ మిరపగింజలా గట్టిగా ఉంది. బంతి ఎక్కడుంటే అక్కడే ఉంది, తోక లేదు.

మిరప బస్తా నోటి దగ్గర పేర్చిన కాయ చూసి ఎవడూ కొనడు. చెయ్యి లోపలికంటా పెట్టి తీసిన కాయ విరిచి చూస్తాడు. "వెనక మూత తీయి," అన్నాను. తీశాడు. దుమ్ము సమంగా పట్టింది, కొత్తగా మార్చిన భాగాలేమీ లేవు. మా ఊళ్ళో సాయంత్రం కరెంటు ఎంత నీరసంగా వస్తుందో చెప్పి, వోల్టేజీ తగ్గించి చూపించమన్నాను. బొమ్మ కుంచించుకోలేదు. అరగంట ఆడనిచ్చాక వీపు మీద చెయ్యి పెట్టి చూస్తానన్నాను.

"పెళ్ళిచూపులకి కూడా ఇంత చూడరు," అన్నాడు లాల్ అహ్మద్.

ఆ అరగంటలో మళ్ళీ బూత్‌కి వెళ్ళాను.

ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మోగుతూనే ఉంది. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఒక్కరైనా ఎత్తాలి. ఎవరూ ఎత్తడం లేదంటే ముగ్గురూ ఒకేచోట ఉండుండాలి. ఎక్కడ? ఎందుకు?

బూత్ పిల్ల నా ముఖం చూసి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. తాగాననే గుర్తు.

తిరిగొచ్చి, "కట్టెయ్యి," అన్నాను. "ఎంత?"

"మూడు వేల నాలుగు వందలు. రిమోట్‌తో."

చెవుల్లో ఆ ఫోను మోగుతూనే ఉన్నా నోరు తన పని మానలేదు. అది నా పుట్టుక. "రిమోట్ లేకుండా?"

"అదేంది?"

"గేమ్ ఆడేదానికి చానళ్ళు మార్చే పనేముంది? రిమోట్ నువ్వే ఉంచుకో. మూడొందలు తగ్గించు."

"భాయ్, ఒక మాట విను..."

"వినే టైం లేదు. మూడు వేల వంద. ఇస్తావా, పోనా?"

అతను రిమోట్‌నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. సెట్టు గోనెపట్టాలో చుట్టాడు. డబ్బు బల్ల మీద పెట్టి, టీవీ రిక్షాలో వేయించి, మళ్ళీ బూత్‌లోకి పరిగెత్తాను.

"హలో," అంది ఆయేషా. రొప్పుతోంది.

"ఎక్కడ చచ్చారు అందరూ?"

"కట్టెల గదిలో ఉన్నా. వెతుకుతున్నా. అత్తమ్మ నమాజులో ఉంది."

"వాడు?"

"గదిలోనే. అర్ఫా గుమ్మంలో కూర్చునుంది. దాన్ని కదలొద్దన్నా, అందుకే ఫోనెత్తలేదు. రెండోది దొరకలేదండీ," అంది.

ఇంటికి చేరేసరికి మూడున్నర. కరెంటు నాలుగింటికి గాని రాదు. టీవీని మధ్యగదిలో బల్ల మీద పెట్టి, దాని చుట్టూ కూర్చున్నాం. చప్పుడు లేని ఇంట్లో అమ్మ విసనకర్ర ఒక్కటే చప్పుడు.

నాలుగింటికి ఫ్యాను తిరిగింది. మాలిక్ గదిలోంచి బయటికొచ్చాడు.

ఎవరూ పిలవలేదు. తనే వచ్చాడు. అమ్మ విసనకర్ర ఆగింది. వాడు నేల మీద గొంతుకూర్చుని, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో పసుపు వైరు గుచ్చాడు, తెలుపు వైరు గుచ్చాడు. కుడిచెయ్యి బయటికి తీసి పెట్టెని పట్టుకున్నాడు. నేను తల పక్కకి తిప్పుకున్నాను.

తెరంతా ఉప్పు చల్లినట్టు చుక్కలు. బుస్సుమని చప్పుడు.

టీవీ కింద ఉన్న బటన్లన్నీ నొక్కాడు. సౌండు పెరిగింది, తగ్గింది. నంబర్లు మారాయి. ప్రతి నంబరులోనూ అవే చుక్కలు.

"రిమోట్ ఏదన్నా?"

"తేలేదురా."

"ఇవ్వలేదా?"

"ఇస్తానన్నాడు. వద్దంటే మూడొందలు తగ్గించాడు."

వాడు నన్నే చూస్తున్నాడు. "ఈ సెట్టుని గేమ్‌లోకి మార్చే బటను రిమోట్‌లోనే ఉంటుంది. దీని మీద లేదు."

లాల్ అహ్మద్ చెప్పబోయిన మాట అదన్నమాట. గేమ్ తగిలించిన ప్రతిసారీ అతను రిమోట్ నొక్కడం నేను చూశాను. చూసీ అడగలేదు.

"మోసం చేశాడా కొట్టోడు?" అంది అమ్మ.

"మోసం కాదమ్మా, అన్న పొదుపు," అన్నాడు మాలిక్. పెట్టె కింద పెట్టాడు. "ఆ రోజు అరవై. ఇవాళ మూడొందలు. బాగా ఎదుగుతున్నావన్నా."

మా ఇంట్లో ఆ అంకెని నాలుగు నెలలుగా ఎవరూ పలకలేదు.

"అరవై ఏందిరా?" అంది అమ్మ.

"దింపుడు కూలీ. చెప్పలేదా నీకు? చెప్పడులే."

"మాలిక్," అంది ఆయేషా.

"నువ్వుండు వదినా. నాలుగు నెలల్నించి చూస్తన్నా. రోజూ గదిలోకి వస్తాడు. మందులేసుకున్నావా అంటాడు. పోతాడు. ఒక్కరోజన్నా కూర్చున్నాడా? నిలబడే వస్తాడు, నిలబడే పోతాడు. ఎందుకో తెలుసా? కూర్చుంటే ఎక్కడ అడుగుతానోనని. నన్నెందుకు పంపావని!"

చివరి మాట వీధిలోకి వినపడింది. అర్ఫా వాళ్ళ అమ్మ కొంగు పట్టుకుంది.

వెయ్యిమంది రైతులకి సమాధానం చెప్పినవాణ్ణి. పురుగు చావలేదని సీసా నా ముఖాన విసిరినవాణ్ణి కూడా కూర్చోబెట్టి టీ తాగించి పంపినవాణ్ణి. మా తమ్ముడికి చెప్పాల్సిన మాట ఒక్కటే, అది గొంతు దాటలేదు.

మాలిక్ లేచి గదిలోకి పోయాడు. తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడింది.

ఆ గడియ చప్పుడుకి ఆయేషా నడుము దగ్గరున్న తాళాలు రెండు చేతులా పట్టుకుంది. అవి ఎందుకూ పనికిరావని మాకిద్దరికీ తెలుసు.

అమ్మ నావైపు చూడకుండా అంది, "అరవై నన్నడిగితే నేనిచ్చేదాన్ని కదరా."

ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. మంచం కిర్రుమన్నప్పుడల్లా ఊపిరి పీల్చుకున్నాను, చప్పుడు ఆగినప్పుడల్లా బిగబట్టాను. తెల్లవారుజామున అమ్మ లేపి, "వెళ్ళి ఒళ్ళు వాల్చు, నేను కూర్చుంటా," అంది. ఆమె ఎందుకు కూర్చుంటానందో, ఎంత తెలిసి అందో అడిగే ధైర్యం లేక వెళ్ళాను.

లేచేసరికి అమ్మ వంటింట్లో ఉంది. గది తలుపు తెరిచి ఉంది. మంచం ఖాళీ.

"కాళ్ళు కడుక్కోవడానికి పోయాడనుకున్నా," అంది అమ్మ. పెరట్లో లేడు. వీధిలో లేడు. గోడకి వేలాడే వాడి ఎర్రంచు తుండుగుడ్డ, యార్డుకి తీసుకెళ్ళేది, అదీ లేదు.

గదంతా తిరగేశాం. పరుపు కుట్లు విప్పాం. ట్రంకుపెట్టె బోర్లించాం. సీసా లేదు.

ఆయేషా ఆ బట్టల మధ్య కూలబడింది. "వెంట తీసుకుపోయాడండీ."

"అరవమాకు. అమ్మ వింటుంది."

"ఏం తీసుకుపోయాడు?" అంది అమ్మ గుమ్మంలోంచి.

ఇద్దరం తలలు దించుకున్నాం. అమ్మ గుమ్మంలోనే కూర్చుని తస్బీ పూసలు తిప్పడం మొదలుపెట్టింది.

ఏడున్నరకి యలమందయ్య కేక వేస్తూ వచ్చాడు. "ఏమయ్యో ఆదాం! మీవోడు మొదటి బస్సెక్కాడే! గుంటూరు బస్సు. ఏరా, యార్డుకా అన్నా. పలకలేదు. చెయ్యి తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. బాగానే ఉన్నాడుగా?"

"బాగానే ఉన్నాడు," అన్నాను.

"మరి నీ ముఖమేంది, వైరస్ కొట్టిన మిరపచెట్టులా?"

తొమ్మిదిన్నరకి లాల్ అహ్మద్‌కి ఫోన్ చేశాను. "మాలిక్కా? రాలేదు భాయ్." పదింటికి చేశాను. రాలేదు. పర్చూరు నుంచి గుంటూరుకి రెండు గంటలు. బస్సెక్కి మూడు గంటలు దాటింది. దారిలో ఎన్ని ఊళ్ళు, ఎన్ని కాలవగట్లు, ఎన్ని పొలాలు. ఎక్కడ దిగినా దిగొచ్చు.

వెళ్దామని చొక్కా వేసుకున్నాను. ఎక్కడికని వెళ్ళను? విప్పాను. మళ్ళీ వేసుకున్నాను.

పదకొండుకి లాల్ అహ్మదే ఫోన్ చేశాడు. "వచ్చాడు భాయ్, వెళ్ళాడు కూడా. ముందు యార్డులోకి పోయి చూసొచ్చాడంట. రిమోట్ తీసుకున్నాడు."

"ఎట్టా ఉన్నాడు?"

"ఎట్టా ఉంటాడు? బేరమాడాడు. నీకంటే వాడే నయం, చెప్పేది విన్నాడు."

ఫోన్ పెట్టేసి ఆయేషాకి చెప్పాను. అయినా ఆమె అన్న మాట నిజమే: "రిమోట్ కొన్నాడు సరే. సీసా ఇంకా వాడి దగ్గరే ఉంది కదా."

పన్నెండున్నర బస్సు వచ్చింది. దాంట్లో రాలేదు. రెండింటి బస్సు వచ్చింది.

వాకిట్లోకి నడిచి వస్తున్న మాలిక్‌ని చూసి అర్ఫా పరిగెత్తింది. వాడు ప్లాస్టిక్ కవరులో చుట్టిన రిమోట్ దాని చేతిలో పెట్టాడు. ఎండకి ముఖం నల్లబడింది. అమ్మ నీళ్ళిచ్చింది. చెంబెత్తి తాగాడు.

"ఎంతకిచ్చాడ్రా?" అంది అమ్మ.

"అన్నకి చెప్తా."

భుజం మీది తుండుగుడ్డ తీసి, రెండు చేతుల మీదా కప్పుకుని, నా ముందు నిలబడ్డాడు. "చెయ్యి పెట్టు."

నాలుగు నెలలుగా మేమిద్దరం ఒకరినొకరు తాకలేదు. చెయ్యి గుడ్డ కిందికి పోనిచ్చాను.

ముందు తగిలింది కుడిచెయ్యి. కుట్ల దగ్గర ఇంకా గరుగ్గా ఉంది. ఆ రెండు వేళ్ళే నా చూపుడువేలు పట్టుకున్నాయి. వంద. నొక్కి వదిలాయి. తర్వాత ఎడమచెయ్యి వచ్చి నా అయిదు వేళ్ళూ గుప్పిట పట్టింది. యాభై.

"నూటయాభై," అన్నాను.

"ఇంకా నూటయాభై నీకే లాభంలే, పిసినారి," అన్నాడు మాలిక్.

అర్ఫా కిసుక్కుమంది. అమ్మ నవ్విందో ఏడ్చిందో చూడలేదు, ఎందుకంటే బేరం అయిపోయినా వాడు నా చెయ్యి వదల్లేదు. ఎడమచెయ్యి ఒక్కక్షణం ఎటో పోయి వచ్చింది. నా అరచేతిలో నున్నగా, వాడి ఒంటి వేడితో, ఏదో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే దాని మీద మూశాడు.

చూడక్కర్లేదు. బొటనవేలితో మూత తడిమాను. సీలు ఉంది. చుట్టూ తడిమాను. ఎక్కడా తెగలేదు.

చుట్టూ ముగ్గురున్నారు. ఇద్దరికే తెలిసింది.

"తప్పు నాదేరా," అన్నాను. నిన్న గొంతు దాటని మాట అదే.

"తెలుసు," అన్నాడు. గదిలోకి నడిచి, మంచం చూపించి, "కూర్చో," అన్నాడు.

వాడి మంచం మీద వాడి పక్కన కూర్చున్నాను. సీసా పట్టుకున్న నా చెయ్యి జేబులోనే ఉంది.

"వదినా, తాళాలియ్యి," అన్నాడు మాలిక్. "పొద్దున కొట్టు నేను తీస్తా."

ఆ రెండు రోజుల లెక్క ఇది. టీవీకి మూడు వేల వంద, రిమోట్‌కి నూటయాభై, బస్సులకీ రిక్షాకీ ఫోన్లకీ అయినవి వేరు. వచ్చినవి: పద్నాలుగు అంగుళాల టీవీ ఒకటి, పుస్తకానికి సరిపోయిన ఇరవై నాలుగు సీసాలు, ముఖం మీదే నన్ను తిట్టగలిగిన తమ్ముడు ఒకడు. ఎటు కూడినా లాభమే.

జేబులో ఏముందో తెలియని ఆయేషా, నడుము దగ్గర తాళాలు పట్టుకుని, ఏం చెయ్యమంటారన్నట్టు నావైపే చూస్తోంది.